జీవ పర్యవేక్షణ కార్యక్రమాల నాణ్యత మదింపు: ఆన్‌లైన్ శిక్షణ

అడవి, నది, చెరువు, గని పరిసరాల వంటి చోట్ల జీవుల స్థితిని నిర్ణీత పద్ధతిలో, నిర్ణీత వ్యవధిలో నమోదు చేయడాన్ని జీవ పర్యవేక్షణ అంటారు. అలా పోగైన సమాచారం ఎంతవరకు నమ్మదగినది, ఏ నిర్ణయానికి సరిపోతుంది, ఎక్కడ సరిపోదు అని తేల్చే పని నాణ్యత మదింపు. ఈ మదింపు చేయగల మనుషులను ఇంటర్నెట్ ద్వారా తయారు చేసే పాఠాలు, అభ్యాసాలు, పరీక్షల సముదాయమే ఇక్కడి విషయం. తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో వన్యప్రాణి అభయారణ్యం, బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రాలు, గోదావరి ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. అందువల్ల దాదాపు అన్ని రకాల జీవ పర్యవేక్షణకూ ఈ ప్రాంతం నుంచే ఉదాహరణలు దొరుకుతాయి.

1. నిర్వచనం, పరిధి

పర్యావరణ పర్యవేక్షణలో భౌతిక, రసాయనిక, జీవ సంబంధమైనవి అని మూడు విభాగాలున్నాయి. నీటి ఉష్ణోగ్రత భౌతిక కొలత. నీటిలో కరిగిన ఆక్సిజన్ రసాయనిక కొలత. ఆ నీటి అడుగున బతికే పురుగులు, నత్తలు, జలగలు ఏ జాతులవి, ఎన్ని ఉన్నాయి అన్నది జీవ కొలత. రసాయనిక పరీక్ష నమూనా తీసిన క్షణంలోని నీటి స్థితిని చెబుతుంది. నెలల తరబడి ఆ నీటిలోనే బతికే జీవులు గడిచిన కాలాన్ని కూడా తెలుపుతాయి.

జీవ కొలతకు పరికరం కంటే మనిషి కన్ను ముఖ్యం. పురుగును గుర్తించేదీ, జంతువును చూసేదీ, అడుగుజాడ ఎవరిదో చెప్పేదీ మనిషే. కాబట్టి పరికరాన్ని సరిచూసుకున్నట్టే మనిషి గుర్తింపు సామర్థ్యాన్ని కూడా సరిచూసుకోవాలి. జీవ పర్యవేక్షణకు ప్రత్యేక నాణ్యతా విధానాలు ఏర్పడడానికి ఇదే కారణం.

ఈ రంగంలో రెండు మాటలు తరచు వినిపిస్తాయి. నాణ్యతా హామీ అంటే తప్పులు జరగకుండా ముందే చేసుకునే ఏర్పాటు: రాతపూర్వక పద్ధతి, శిక్షణ, ప్రణాళిక. నాణ్యతా నియంత్రణ అంటే పని సాగుతుండగా తప్పులను పట్టుకునే తనిఖీ: రెండోసారి లెక్కింపు, మరొకరితో గుర్తింపు, ఫారాల పరిశీలన. మదింపు ఈ రెండింటినీ బయటి నుంచి చూసి, కార్యక్రమం మొత్తం మీద తీర్పు చెబుతుంది.

2. ప్రాంతీయ నేపథ్యం: కొత్తగూడెం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా 2016 అక్టోబర్ 11న పూర్వపు ఖమ్మం జిల్లా నుంచి ఏర్పడింది. ఇక్కడి ఇల్లెందు ప్రాంతంలో 1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. సంస్థ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో 1966 నుంచి ఉత్పత్తి సాగుతోంది. మణుగూరు వైపు భద్రాద్రి థర్మల్ కేంద్రం, అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం, సారపాకలో కాగితపు మిల్లు ఉన్నాయి.

ఈ పరిశ్రమల చుట్టూ టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు పెరిగే ఆకురాల్చు అడవి ఉంది. 1977లో ప్రకటించిన కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యం విస్తీర్ణం 635.40 చదరపు కిలోమీటర్లు. కిన్నెరసాని తాడ్వాయి కొండల్లో పుట్టి, పాల్వంచ సమీపంలోని జలాశయం దాటి, బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. జలాశయంలో మొసళ్లు ఉన్నాయి. అడవిలో అడవిదున్న, దుప్పి, కణితి, ఎలుగుబంటి, చిరుతపులి, రేచుకుక్క కనిపిస్తాయి. జలాశయం నీరు పాల్వంచ విద్యుత్ కేంద్రానికి అందుతుంది. గోదావరి దిగువన ఆంధ్రప్రదేశ్‌లో పాపికొండల జాతీయ ఉద్యానం ఉంది. కోయలు, కొండరెడ్లు ఈ అడవుల్లో తరతరాలుగా నివసిస్తున్నారు. ఇప్పపువ్వు, తునికాకు సేకరణ వీరికి వేసవి ఆదాయం.

దీనివల్ల ఒకే జిల్లాలో వేర్వేరు సంస్థలు వేర్వేరు అవసరాలకు జీవులను లెక్కిస్తున్నాయి. అటవీ శాఖ వన్యప్రాణులను, కాలుష్య నియంత్రణ మండలి నది నీటిని పర్యవేక్షిస్తాయి. గని ప్రాజెక్టులు పర్యావరణ అనుమతి షరతుల కింద చుట్టుపక్కల జీవజాలాన్ని నమోదు చేయాలి. గ్రామాల్లోని జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు స్థానిక జీవ సంపద రిజిస్టర్లు నిర్వహిస్తాయి. ఈ నాలుగు రకాల లెక్కలను పక్కపక్కన పెట్టి చూడాలంటే వాటి నాణ్యతను ఒకే కొలబద్దతో చూడగలగాలి.

3. చరిత్ర

3.1. అడుగుజాడల నుంచి కెమెరాల దాకా

భారతదేశంలో 1973లో పులుల సంరక్షణ పథకం మొదలైంది. అప్పటి నుంచి మూడు దశాబ్దాలకు పైగా పులుల లెక్క పాదముద్రల మీద ఆధారపడింది. సిబ్బంది నేలపై పడిన ముద్రను గాజు పలక మీద గీసుకునేవారు, ప్లాస్టర్‌తో అచ్చు పోసేవారు, అచ్చుల తేడాను బట్టి ఎన్ని పులులో చెప్పేవారు. ఒకే పులి అడుగు ఇసుకలో ఒక రకంగా, బురదలో ఇంకో రకంగా పడుతుంది. ఎన్ని జాడలు కంటికి అందకుండా పోయాయో చెప్పే మార్గం ఈ పద్ధతిలో లేదు. శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ వంటివారు ఈ లోపాలను 1980ల నుంచే ఎత్తిచూపారు.

2004లో రాజస్థాన్‌లోని సరిస్కాలో అధికార లెక్కల ప్రకారం పదిహేనుకు పైగా పులులున్నాయి. 2005 నాటికి అక్కడ ఒక్కటీ మిగల్లేదని తేలింది. ఆ ఏడాదే సునీతా నారాయణ్ అధ్యక్షతన టైగర్ టాస్క్ ఫోర్స్ ఏర్పడి నివేదిక ఇచ్చింది. 2006లో చట్ట సవరణతో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఏర్పాటైంది. పాదముద్రల లెక్క స్థానంలో కొత్త నమూనా పద్ధతితో దేశవ్యాప్త అంచనా మొదలై, 2006, 2010, 2014, 2018, 2022 సంవత్సరాల్లో సాగింది. 2018 అంచనాలో 26,838 చోట్ల కెమెరాలు అమర్చగా 3.48 కోట్లకు పైగా చిత్రాలు వచ్చాయి. 2022 అంచనాలో దేశంలో పులుల సంఖ్య కనీసం 3,167 అని, సగటు అంచనా 3,682 అని ప్రకటించారు. తెలంగాణ సంఖ్య 2018లో 26 కాగా 2022లో 21. సంఖ్యతో పాటు దాని హెచ్చుతగ్గుల పరిధిని కూడా చెప్పడం ఈ మార్పులో ముఖ్యమైనది.

3.2. నీటి జీవ పర్యవేక్షణ

నీటి జీవులను బట్టి కాలుష్యాన్ని అంచనా వేసే పద్ధతిని జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ 1908, 1909 సంవత్సరాల్లో ప్రతిపాదించారు. బ్రిటన్‌లో 1976లో ఏర్పడిన కార్యవర్గం పురుగుల కుటుంబాలకు 1 నుంచి 10 దాకా మార్కులు ఇచ్చే పట్టికను రూపొందించింది. కాలుష్యాన్ని తట్టుకోలేని కుటుంబానికి ఎక్కువ మార్కులు, తట్టుకునే కుటుంబానికి తక్కువ మార్కులు వస్తాయి. భారతదేశంలో 1974 నీటి కాలుష్య నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి డచ్ సహకారంతో ఈ పద్ధతిని ఇక్కడి నదులకు అనువుగా మార్చింది. డి జ్వార్ట్, త్రివేది రాసిన నీటి నాణ్యత మదింపు కరదీపిక 1994లో వచ్చింది.

3.3. తరగతి గది నుంచి తెర మీదికి

అటవీ సిబ్బంది శిక్షణ చాలాకాలం అకాడమీలలోనే సాగింది. తెలంగాణలో ఆ పని హైదరాబాద్ శివారులోని దూలపల్లి అటవీ అకాడమీది, దేశ స్థాయిలో డెహ్రాడూన్ సంస్థలది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు ఇంజనీరింగ్‌తో ఆరంభమై, తర్వాత వన్యప్రాణి జీవావరణం, సంరక్షణ, పక్షిశాస్త్రం దాకా విస్తరించాయి. 2017లో స్వయం ఆన్‌లైన్ కోర్సుల వేదిక, 2020లో ఆమోదం పొందిన మిషన్ కర్మయోగి కింద ప్రభుత్వోద్యోగుల కోసం ఐగాట్ వేదిక వచ్చాయి. అంతర్జాతీయంగా ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమానికి చెందిన మంచినీటి పర్యవేక్షణ విభాగం ఐర్లండ్‌లోని యూనివర్సిటీ కాలేజ్ కార్క్ ద్వారా నాణ్యతా హామీ, జీవులతో పర్యవేక్షణ వంటి అంశాలపై ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2019లో పర్యావరణ పునరుద్ధరణ పనుల పర్యవేక్షణకు నాణ్యతా సూత్రాలను అన్వయించే మార్గదర్శిని ప్రచురించింది.

4. పర్యవేక్షణ రకాలు

మదింపు చేసేవారు ముందుగా కార్యక్రమం ఏ కోవలోకి వస్తుందో గుర్తిస్తారు. ప్రతి కోవకూ తప్పులు జరిగే చోట్లు వేరు.

ఆనవాళ్ల సర్వే: దేశవ్యాప్త పులుల అంచనా మొదటి దశలో బీట్ (అడవిలోని అతి చిన్న పరిపాలనా విభాగం) సిబ్బంది అడవి దారుల వెంట నడిచి అడుగుజాడలు, మలం, గోళ్ల గీతలు నమోదు చేస్తారు. ఆనవాలు ఏ జంతువుదో తప్పుగా గుర్తించడం ఇక్కడి ప్రధాన దోషం.

సరళరేఖ నడక: గడ్డిమేసే జంతువుల సాంద్రతను తెలుసుకోవడానికి ముందే గీసుకున్న 2 కిలోమీటర్ల గీత వెంట నడుస్తారు. కనిపించిన గుంపులో ఎన్ని జంతువులున్నాయి, ఎంత దూరంలో, ఏ కోణంలో ఉన్నాయి అని రాస్తారు. దూరాన్ని కళ్లతో ఉజ్జాయింపుగా రాసేయడం ఇక్కడ తరచు జరిగే తప్పు.

కెమెరా ఉచ్చులు: చారలను బట్టి పులిని, మచ్చలను బట్టి చిరుతపులిని విడివిడిగా గుర్తిస్తారు. కెమెరా గడియారం తప్పుగా ఉండడం, చోటు పేరు తారుమారు కావడం ఇక్కడి దోషాలు.

నీటి అకశేరుకాల నమూనా: వాగు అడుగున వలతో పురుగులను పట్టి, వేరుచేసి, కుటుంబం స్థాయిలో గుర్తిస్తారు.

మొక్కల గడులు: నిర్ణీత వైశాల్యంలో చెట్లు, పొదలు, గడ్డి, కలుపు జాతులు నమోదు చేస్తారు. గనుల మట్టికుప్పల మీద పెంచిన మొక్కల పరిశీలన కూడా ఈ కోవలోదే.

ప్రజల నమోదులు: పక్షుల జాబితాలు, శీతకాలపు నీటిపక్షుల లెక్క, జీవవైవిధ్య రిజిస్టర్లు ఇందులోకి వస్తాయి. 2023లో వెలువడిన దేశ పక్షుల స్థితి నివేదిక దాదాపు 30,000 మంది పక్షి పరిశీలకుల 3 కోట్లకు పైగా నమోదుల ఆధారంగా 942 జాతులను అంచనా వేసింది. దారుల పక్కన, ఊళ్ల దగ్గర నమోదులు ఎక్కువ, లోపలి అడవిలో తక్కువ కావడం ఇటువంటి సమాచారంలో చూసుకోవలసిన వాలు, అంటే ఫలితాన్ని ఒకే వైపు తప్పించే లోపం.

5. నాణ్యతా సూచికలు

ఇటువంటి శిక్షణలో సాధారణంగా ఆరు సూచికలు కేంద్రంగా ఉంటాయి.

నిలకడ: అదే కొలతను మరొకరు, లేదా అదే మనిషి మరోసారి తీస్తే ఫలితం ఎంత దగ్గరగా వస్తుందన్నది. పురుగుల గుర్తింపులో దీన్ని ఇద్దరు నిపుణుల భేదశాతంగా లెక్కిస్తారు. 200 జీవుల్లో 176 విషయంలో ఇద్దరూ ఏకీభవిస్తే భేదం 12 శాతం. అమెరికా నదీ సర్వేల్లో 15 శాతం లోపు భేదాన్ని ఆమోదయోగ్యంగా తీసుకోవడం వాడుక.

వాలు: ఫలితం ఎప్పుడూ ఒకే వైపు తప్పడం. తెల్లవారుజామున మాత్రమే నడిచిన బృందం రాత్రి తిరిగే జంతువులను ప్రతిసారీ తక్కువగానే నమోదు చేస్తుంది.

ప్రాతినిధ్యం: తీసిన నమూనా మొత్తం ప్రాంతాన్ని చూపుతోందా అన్నది. జీపు వెళ్లే దారుల వెంటే పెట్టిన గీతలు అభయారణ్యం మొత్తానికి ప్రాతినిధ్యం వహించవు.

పోలిక యోగ్యత: నిరుటి లెక్కను ఈ ఏటి లెక్కతో, ఒక రేంజి లెక్కను మరో రేంజితో పోల్చవచ్చా అన్నది. ఆకులు రాలిన వేసవిలో చూపు దూరం ఆనుతుంది, వానాకాలంలో ఆనదు. కాలం మారితే పోలిక చెడుతుంది.

సంపూర్ణత: అనుకున్న పనిలో పనికొచ్చే సమాచారం ఎంత వచ్చిందన్నది. 90 గీతలు అనుకుని 81 గీతల్లో చెల్లుబాటయ్యే నమోదులు వస్తే సంపూర్ణత 90 శాతం. పోయిన 9 గీతలూ ఒకే లోయలోవైతే 90 శాతం కూడా సరిపోకపోవచ్చు.

సున్నితత్వం: ఎంత చిన్న మార్పును ఆ కార్యక్రమం పట్టుకోగలదన్నది. దుప్పుల సంఖ్య సగానికి పడిపోతే తప్ప తెలియని పద్ధతి ఏటా జరిగే చిన్న తగ్గుదలను కనిపెట్టలేదు.

వీటితో పాటు జీవ పర్యవేక్షణకు ప్రత్యేకమైన అంశం గుర్తింపు సంభావ్యత. జంతువు ఉన్నా కనబడకపోవచ్చు. ఒక నడకలో ఆనవాలు దొరికే అవకాశం 0.4 అనుకుంటే, జంతువు ఉన్న చోట కూడా మూడు నడకల్లో ఏమీ దొరకకపోయే అవకాశం 0.6 × 0.6 × 0.6, అంటే 0.216. అయిదు నడకలైతే అది 0.078కి తగ్గుతుంది. ‘పులి లేదు’ అన్న నమోదును మదింపు చేసేటప్పుడు మొదటి ప్రశ్న ఎన్నిసార్లు వెతికారన్నదే. 2020 చివర్లో జిల్లా అడవుల్లో పులి సంచార ఆనవాళ్లు బయటపడ్డాయి. అరుదుగా వచ్చిపోయే జంతువు విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

6. శిక్షణ రకాలు

బోధన తీరును బట్టి నాలుగు రకాలున్నాయి. స్వీయగతి కోర్సులో పాఠాలు ఎప్పుడైనా చూసుకోవచ్చు. నిర్ణీతకాల కోర్సులో వారం వారం అసైన్‌మెంట్లు, చివర పరీక్ష ఉంటాయి. ప్రత్యక్ష వెబ్ తరగతిలో బోధకుడితో మాట్లాడవచ్చు. మిశ్రమ శిక్షణలో సిద్ధాంతం తెర మీద, అభ్యాసం అడవిలో జరుగుతాయి.

అభ్యాసకులను బట్టి కూడా విభజన ఉంది. బీట్ అధికారులు, బేస్‌క్యాంపు సిబ్బందికి నమోదు నాణ్యత ముఖ్యం. ప్రయోగశాల సిబ్బందికి గుర్తింపు, నమూనా భద్రత, ఐఎస్‌ఓ 17025 ప్రమాణం కింద గుర్తింపు పొందడానికి కావలసిన పత్రాలు ముఖ్యం. పర్యావరణ ప్రభావ నివేదికలు చదివే అధికారులకు, కన్సల్టెంట్లకు పద్ధతిని తరచి చూసే నైపుణ్యం కావాలి. గ్రామ కమిటీలకు, పక్షి పరిశీలకులకు ప్రయత్నాన్ని నమోదు చేసే అలవాటు, అంటే ఎంతసేపు, ఎంత దూరం, ఎంతమంది చూశారో రాసే అలవాటు కావాలి. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017లో ప్రారంభించిన హరిత నైపుణ్య కార్యక్రమంలో జీవవైవిధ్య రిజిస్టర్ల తయారీ, జీవుల గుర్తింపు వంటి కోర్సులు ఇటువంటివారి కోసమే వచ్చాయి.

7. పాఠ్యాంశం, పనితీరు

7.1. ప్రణాళిక పత్రం చదవడం

మొదటి పాఠం సాధారణంగా నాణ్యతా ప్రణాళిక పత్రం మీద ఉంటుంది. ఏ ప్రశ్నకు జవాబు కోసం ఈ పర్యవేక్షణ, ఎన్ని చోట్ల, ఎన్నిసార్లు, ఎవరు, ఏ పద్ధతిలో, ఎంత తప్పును అంగీకరిస్తారు అన్న వివరాలు ఆ పత్రంలో పనికి ముందే రాసి ఉండాలి. అభ్యాసకుడికి లోపాలున్న నమూనా పత్రాన్ని ఇచ్చి వాటిని పట్టుకోమంటారు. ప్రశ్న స్పష్టంగా లేని కార్యక్రమానికి మంచి కెమెరాలు కొన్నా నాణ్యత పెరగదన్నది ఈ పాఠం నేర్పే అంశం.

7.2. గుర్తింపు పరీక్ష

పురుగులు, ఈకలు, మలం, అడుగుజాడల ఫొటోలు చూపి గుర్తించమంటారు. సరైన జవాబుతో పాటు ‘చెప్పలేను’ అన్న జవాబుకు కూడా విలువ ఇస్తారు. అనుమానం ఉన్నచోట ఊహించి రాసిన పేరు లెక్కను ఎక్కువగా పాడుచేస్తుంది. చిరుతపులి, పులి పిల్ల అడుగుజాడల మధ్య, రేచుకుక్క, ఊరకుక్క జాడల మధ్య తేడా ఇటువంటి పరీక్షల్లో తరచు అడిగే అంశం.

7.3. నీటి నమూనా: ఒక అభ్యాసం

బ్రిటిష్ మూల పట్టిక ఆధారంగా చేసే ఒక ఊహాత్మక అభ్యాసం ఇలా ఉంటుంది. ఒక వాగులో అయిదు వర్గాలు దొరికాయి: గోంఫిడే తూనీగ డింభకాలు (8 మార్కులు), హైడ్రోసైకిడే (5), బీటిడే (4), కైరోనమిడే (2), నీటి ఎర్రలు (1). మొత్తం 20, వర్గాలు 5, సగటు 4.0. ఇప్పుడు రెండు తప్పులు జరిగాయనుకుందాం. వల అడుగు బురదను తాకకపోవడంతో కైరోనమిడే, ఎర్రలు రాలేదు. బీటిడే డింభకాన్ని పొరపాటున 10 మార్కుల హెప్టాజీనిడేగా రాశారు. మొత్తం 23, వర్గాలు 3, సగటు 7.67 అవుతుంది. వాగు మారలేదు, ఫలితం మారింది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణంలో ఈ సగటు 7, ఆపైన ఉంటే శుభ్రమైన నీరు, 6–7 మధ్య స్వల్ప కాలుష్యం, 3–6 మధ్య ఒక మోస్తరు కాలుష్యం, 2–5 మధ్య భారీ కాలుష్యం, 0–2 మధ్య తీవ్ర కాలుష్యం. పటంలో వీటికి వరుసగా నీలం, లేత నీలం, ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగులు వేస్తారు. పై తప్పులతో ఆకుపచ్చ లేదా నారింజ రంగు పడాల్సిన వాగు నీలం అయిపోయింది. హద్దులు కలిసే చోట్ల తేల్చడానికి వైవిధ్య సూచికను కూడా చూడాలి. అందువల్ల ఒక్క సంఖ్యతో తరగతి నిర్ణయించిన నివేదికను మదింపులో అసంపూర్ణంగా పరిగణిస్తారు.

7.4. దూరం, కోణం

సరళరేఖ నడకలో జంతువు 40 మీటర్ల దూరంలో, గీతకు 30 డిగ్రీల కోణంలో కనిపిస్తే గీత నుంచి దాని లంబ దూరం 20 మీటర్లు. దిక్సూచిని 40 డిగ్రీలుగా చదివితే అది దాదాపు 26 మీటర్లు అవుతుంది. ఇటువంటి తప్పులు ఒకే వైపు పోగైతే సాంద్రత తక్కువగా లెక్కకు వస్తుంది. దూరాలన్నీ 10, 20, 50 వంటి గుండు అంకెల్లోనే ఉన్నాయా అని చూడడం మదింపులో సులువైన మొదటి తనిఖీ. అలా ఉంటే దూరమాపకం వాడకుండా కంటితో వేసిన అంచనా అయి ఉండవచ్చు.

7.5. సమాచార పట్టిక తనిఖీ

2010లో ప్రవేశపెట్టిన ఎం-స్ట్రైప్స్ వ్యవస్థలో సిబ్బంది నడక దారి, సమయం, చోటు ఫోన్‌లోని జీపీఎస్ ద్వారా నమోదవుతాయి. శిక్షణలో ఇటువంటి పట్టికను ఇచ్చి అసాధ్యమైనవాటిని వెతకమంటారు: నడక వేగం గంటకు 30 కిలోమీటర్లున్న నమోదు, అర్ధరాత్రి సమయం పడిన పగటి ఫొటో, జలాశయం మధ్యలో పడిన అడుగుజాడ. తప్పును నిశ్శబ్దంగా దిద్దకూడదు. అసలు నమోదును ఉంచి, ఏం మార్చారో, ఎందుకు మార్చారో పక్కన రాయాలి.

7.6. మదింపు నివేదిక

చివరి పనిగా అభ్యాసకుడు ఒక కార్యక్రమంపై నివేదిక రాస్తాడు. ఆ సమాచారం ఏ అవసరానికి సరిపోతుంది, ఏ అవసరానికి సరిపోదు, ఏం సరిచేస్తే సరిపోతుంది అన్న మూడు భాగాలు అందులో ఉంటాయి. ‘బాగుంది’, ‘బాగోలేదు’ అన్న ఒక్క మాట తీర్పు చెల్లదు. జంతువు ఉందా లేదా అని తెలుసుకోవడానికి చాలిన సమాచారం ఎన్ని ఉన్నాయో చెప్పడానికి చాలకపోవచ్చు.

8. సంబంధిత సంస్థలు, చట్టాలు

వన్యప్రాణి అంచనాలకు జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, డెహ్రాడూన్‌లోని భారతీయ వన్యప్రాణి సంస్థ, రాష్ట్ర అటవీ శాఖలు బాధ్యులు. నీటికి కేంద్ర, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లు ఉన్నాయి. జీవవైవిధ్య చట్టం, 2002 కింద జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, రాష్ట్ర మండలి, స్థానిక కమిటీలు పనిచేస్తాయి. పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్, 2006 ప్రకారం అనుమతి పొందిన ప్రాజెక్టు ఏటా జూన్ 1, డిసెంబర్ 1 నాటికి షరతుల అమలు నివేదికలు ఇవ్వాలి. ప్రభావ నివేదికలు తయారు చేసే కన్సల్టెంట్లకు క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పరిధిలోని మండలి గుర్తింపు అవసరం. ఆ గుర్తింపులో జీవావరణం, జీవవైవిధ్యం ఒక ప్రత్యేక విభాగం.

కొత్తగూడెంలో కాకతీయ విశ్వవిద్యాలయం కింద నడిచిన మైనింగ్ ఇంజనీరింగ్ కళాశాలను తెలంగాణ ప్రభుత్వం 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరిట భూ విజ్ఞాన విశ్వవిద్యాలయంగా మార్చింది. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల 2016 నుంచి పనిచేస్తోంది. గనుల విషయం తెలిసిన బోధకులు జిల్లాలోనే, అడవి విషయం తెలిసినవారు రాష్ట్రంలోనే దొరికే అవకాశం కొత్తగూడెం ప్రాంతపు అనుకూలత.

9. ప్రాధాన్యం

నాణ్యత తెలియని లెక్క రెండు వైపులా నష్టం చేస్తుంది. లేని జంతువును ఉన్నట్టు చూపితే సరిస్కాలో జరిగినట్టు ప్రమాదం ఆలస్యంగా తెలుస్తుంది. ఉన్న జంతువును లేనట్టు చూపితే గని విస్తరణ, రహదారి, కాలువ వంటి నిర్ణయాలు తప్పు పునాది మీద జరుగుతాయి. అడవి తగ్గుదలకు పోడు కారణమా, మేత కారణమా, గని కారణమా అన్న వివాదంలో బలహీనమైన సమాచారం ఎక్కువగా నష్టపరిచేది కాగితాలు లేని ఆదివాసీ కుటుంబాలనే. అటవీ హక్కుల చట్టం, 2006 కింద గ్రామసభకు అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడుకునే అధికారం ఉంది. తమ ప్రాంతం గురించి ఇచ్చిన నివేదికను ప్రశ్నించగల నైపుణ్యం ఆ అధికారాన్ని ఆచరణలోకి తెస్తుంది.

ఆన్‌లైన్ శిక్షణతో అదనపు ప్రయోజనాలున్నాయి. బీట్ వదిలి వారాల తరబడి అకాడమీకి వెళ్లలేని సిబ్బందికి పాఠం చేరుతుంది. ఒకే గుర్తింపు పరీక్షను అన్ని డివిజన్లలో పెట్టడం వల్ల ఎవరి లెక్క ఎంత నమ్మదగినదో అంకెల్లో తెలుస్తుంది. ఏటా అదే పరీక్షను తిరిగి పెడితే నైపుణ్యం నిలిచిందా, తగ్గిందా అన్నది కూడా నమోదవుతుంది.

10. పరిమితులు, చర్చనీయాంశాలు

భాష: చాలా కోర్సులు ఇంగ్లిష్‌లో, కొన్ని హిందీలో ఉన్నాయి. గణాంక భావనలను తెలుగులో చెప్పే పాఠాలు తక్కువ. కోయ భాషలో జంతువులకు, మొక్కలకు ఉన్న స్థానిక పేర్లను శాస్త్రీయ నామాలతో జతచేసిన పట్టికలు లేకపోతే ఊరివారి జ్ఞానం ఫారంలోకి ఎక్కదు.

సిగ్నల్: లోపలి అడవి గ్రామాల్లో మొబైల్ సిగ్నల్ బలహీనం. అందుకే పాఠాలను డౌన్‌లోడ్ చేసుకుని తర్వాత జవాబులు పంపే ఏర్పాటు, తక్కువ నిడివి వీడియోలు మేలని శిక్షణ రూపకర్తలు భావిస్తారు.

చేతి అభ్యాసం: ఫొటోలో గుర్తించిన మలం, ఎండలో ఎండిపోయి నేలపై కనిపించే మలం ఒకేలా ఉండవు. వల వేసే తీరు, రాళ్లను తిరగేసే తీరు తెర మీద రావు. క్షేత్ర అభ్యాసం లేని ధ్రువపత్రాన్ని నియామకానికి చాలినదిగా పరిగణించవచ్చా అన్నది ఈ రంగంలో చర్చ. మిశ్రమ శిక్షణను సమర్థించేవారు సిద్ధాంతానికి ఆన్‌లైన్, నైపుణ్యానికి అడవి అన్న విభజనను సూచిస్తారు.

శిక్షణ ఫలితం కొలవడం: అమెరికన్ విద్యావేత్త డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించిన నాలుగు మెట్ల నమూనా ఇక్కడ వాడుకలో ఉంది. అభ్యాసకుడికి పాఠం నచ్చిందా, నేర్చుకున్నాడా, పనిలో వాడుతున్నాడా, కార్యక్రమం మెరుగైందా అన్నవి ఆ మెట్లు. ధ్రువపత్రాల సంఖ్య మొదటి రెండు మెట్లనే చూపుతుంది. గుర్తింపు భేదశాతం తగ్గడం, పోయిన నమోదులు తగ్గడం చివరి రెండింటికి ఆధారాలు.

స్వతంత్రత: పర్యవేక్షణకు డబ్బు చెల్లించే సంస్థే దాని నాణ్యతను తేల్చే మనిషిని నియమిస్తే తీర్పు స్వతంత్రంగా ఉంటుందా అన్నది మరో ప్రశ్న. మూల సమాచారాన్ని, పద్ధతిని, మదింపు నివేదికను బహిరంగంగా ఉంచడం ఒక పరిష్కారంగా సూచిస్తారు. అరుదైన జంతువుల కచ్చితమైన చోట్లు బయటపెడితే వేటగాళ్లకు దారి చూపినట్టవుతుంది కాబట్టి ఆ వివరాలను మాత్రం దాచాలన్నది ఎక్కువమంది అంగీకరించే మినహాయింపు.

ఇవి కూడా చూడండి: కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యం, పాపికొండల జాతీయ ఉద్యానం, పులుల అంచనా, నీటి నాణ్యత, జీవ ప్రమాణాలు, పర్యావరణ ప్రభావ అంచనా, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్, పౌర విజ్ఞానం, సింగరేణి కాలరీస్.